సంధి, సందు – ఒక పిస్తోలు చరిత్ర



ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పుకుని బ్రతికినవాడికి పిస్తోలుతో పని ఏమిటని మీలో కొందరు అడగవచ్చును. నేను జీవితంలో ఒక్కసారి కూడా తుపాకి పట్టినవాడను కాను. దీపావళికి పిల్లలు పేల్చే రీలు తుపాకి చప్పుడుకే ఉలిక్కిపడే స్వభావం నాది. అయినా ఒక పిస్తోలు చరిత్ర కొన్ని నెలలుగా నా మనస్సును వదలకున్నది. వ్రాసి దించుకుందామని ఈ ప్రయత్నం.

మా అమ్మాయి అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉంటున్నది. నేను అక్కడికి వెళ్ళినప్పుడు ఒక శనివారం మా అల్లుడుగారు స్ప్రింగ్‌ఫీల్డ్ అనే పట్టణానికి తీసుకువెళ్ళారు. 1794లో స్థాపించి 1968లో మూసివేసిన ప్రభుత్వ ఆయుధ కర్మాగారం అక్కడ ఉన్నది. ఇప్పుడది ప్రదర్శనశాల. వందలాది పాత తుపాకులను నిలువుగా, వరుసలు వరుసలుగా పేర్చిన పెద్ద చట్రం ఒకటి అందులో ఉన్నది. 1843లో ఆ ఊరు వచ్చిన కవి లాంగ్‌ఫెలోకు అటువంటి తుపాకుల బారు ఆర్గాన్ వాద్యపు గొట్టాలవలె తోచింది. ఆ ఊహనే ఆధారం చేసుకుని ఆయన యుద్ధాన్ని నిరసిస్తూ ఒక కవిత వ్రాశాడు. సాహిత్యం చదువుకున్నవాడిని కనుక నేను దానివద్దనే నిలిచిపోవలసినది. కాని నా కాళ్ళు ఆగినది పిస్తోళ్ళు ఉంచిన అద్దాల బీరువా వద్ద.

అందులో కవలలవంటి రెండు పిస్తోళ్ళు పక్కపక్కన ఉన్నవి. మా అల్లుడుగారు యంత్రాల పని తెలిసినవారు. "మామయ్యగారూ, ఇవి రెండూ ఒకే నమూనా. ఇది సిపాయి వాడేది, చేత్తో ఊపితే గలగలమంటుంది. అది పోటీలకోసం బిగించినది, ఊపినా పలకదు" అన్నారు.

"అయితే ఆ రెండవదే మేలైనదన్నమాట" అన్నాను.

ఆయన చిన్నగా నవ్వి "దేనికి?" అన్నారు.

ఆ ఒక్క మాటకు జవాబు వెదుకుతూ చదివిన దాని సారాంశమే ఈ వ్యాసం.

ఈ పిస్తోలు సృష్టికర్త జాన్ మోజెస్ బ్రౌనింగ్. 1855లో అమెరికాలోని యూటా ప్రాంతంలో ఆగ్డెన్ అనే ఊళ్ళో, తుపాకులు చేసే ఇంట పుట్టాడు. మన కంసాలి, కమ్మరి ఇళ్ళలో పిల్లవాడు కొలిమి పక్కన ఆడుకుంటూ విద్య నేర్చినట్లే ఆయనా తండ్రి పనిశాలలో నేర్చాడు. 1926లో బెల్జియంలోని తుపాకుల కర్మాగారంలో, పనిలో ఉండగానే గుండె ఆగి మరణించాడు.

ఫిలిప్పీన్స్ దీవులలో జరిగిన పోరాటాలలో తమ .38 రివాల్వర్లు మీదికి వచ్చే మనిషిని ఆపలేకపోతున్నవని అమెరికా సైన్యం భావించింది. 1904లో పరీక్షలు జరిపి, .45 అంగుళాలకు తగ్గని గుండు కావలెనని తేల్చారు. ఆ గుండుకు తగిన పిస్తోలుకోసం కొన్నేళ్ళు పోటీలు సాగాయి. 1911 మార్చిలో తుది పరీక్ష జరిగింది. ఒకే పిస్తోలుతో 6,000 తూటాలు కాల్చారు. వేడెక్కినప్పుడు నీళ్ళలో ముంచి, తీసి, మళ్ళీ కాల్చారు. బ్రౌనింగ్ రూపొందించగా కోల్ట్ సంస్థ తయారుచేసిన పిస్తోలు ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఆ నెల 29వ తేదీన సైన్యం దానిని స్వీకరించింది. ఆ సంవత్సరమే దాని పేరయింది. 1926లో కొద్ది మార్పులు చేసి 1911ఎ1 అన్నారు. 1985లో బెరెట్టా పిస్తోలును ఎంచుకునేవరకు, అంటే 74 ఏళ్ళపాటు, ఆ దేశపు సైన్యానికి అదే ప్రధానమైన పిస్తోలు.

ఇక దాని నిర్మాణం. ఇది అర్థమైతేనే తక్కిన కథ అర్థమవుతుంది కనుక కొంచెం ఓపిక పట్టగలరు.

పిస్తోలు పైభాగాన ముందుకూ వెనుకకూ జారే ఉక్కు తొడుగును స్లైడు అంటారు. గురిచూడడానికి కావలసిన ముక్కలు రెండూ ఈ స్లైడు మీదనే ఉంటాయి. గుండు ప్రయాణించే గొట్టం మాత్రం స్లైడు లోపల విడిగా కూర్చున్న మరొక భాగం. గొట్టం పైన ఉన్న గట్లు స్లైడు లోపలి గాడులలో ఇమిడి, రెండూ తాళం పడినట్లు కలిసి ఉంటాయి. తూటా పేలగానే రెండూ కలిసే కొద్దిగా వెనుకకు జరుగుతాయి. గుండు బయటపడిన తరువాత, గొట్టం అడుగున ఉన్న లింకు అనే చిన్న ముక్క గొట్టం వెనుక కొసను క్రిందికి లాగుతుంది. గట్లు గాడులనుండి విడిపడతాయి. గొట్టం అక్కడ ఆగిపోతుంది. స్లైడు ఒంటరిగా వెనుకకు పోయి, ఖాళీ డొల్లను బయటికి విసిరి, స్ప్రింగు తోపుతో ముందుకు వస్తూ కొత్త తూటాను ఎక్కిస్తుంది. గొట్టం తిరిగి లేచి తన గాడులలో కూర్చుంటుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపల.

బ్రౌనింగ్ తొలి నమూనాలలో గొట్టానికి ముందొకటి, వెనుకొకటి, రెండు లింకులు ఉండేవి. 1909 నాటికి ఆయన ముందుదానిని తొలగించి, ఆ చోట బుషింగు అనే ఉంగరాన్ని పెట్టాడు. గొట్టం వెనుక కొస క్రిందికి దిగినప్పుడు ముందు కొస ఆ ఉంగరంలోనే వాలాలి. ఉంగరం గొట్టాన్ని బిర్రుగా పట్టుకుంటే అది వాలలేదు. కనుక ఉంగరం వెంట్రుకవాసి పెద్దదిగా ఉండక తప్పదు. ఆ వెంట్రుకవాసి సందులోనే ఆ పిస్తోలు ప్రాణం ఉన్నది.

ఇది మనకు తెలియని విషయం కాదు. బండి చక్రానికీ ఇరుసుకూ నడుమ సందు లేకపోతే కందెన పోయడానికి చోటుండదు, చక్రం తిరగదు. మా ఊరి వడ్రంగి వేసవిలో తలుపు బిగించేటప్పుడు ద్వారబంధం పక్కన సన్నని సందు వదిలేవాడు. ఎందుకని అడిగితే "అది వానాకాలానిదండీ" అనేవాడు.

బ్రౌనింగ్ పిస్తోలుకు వానాకాలం అంటే యుద్ధమే. రెండవ ప్రపంచ యుద్ధంలో దీనిని తయారుచేసినవారి పట్టిక చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అందరికంటె ఎక్కువగా, దాదాపు 9 లక్షలు, చేసినది రెమింగ్టన్ రాండ్ సంస్థ. మన తాలూకా కచేరీల ముందు చెట్ల క్రింద అర్జీలు కొట్టే టైపు మిషన్లమీద కనిపించిన రెమింగ్టన్ పేరు అదే. రైలు సిగ్నళ్ళు చేసే సంస్థ ఒకటి సుమారు 55 వేలు చేసింది. మన ఇళ్ళలో అమ్మలు, అమ్మమ్మలు కుట్టిన సింగర్ కుట్టు మిషన్ల సంస్థ కూడా ఒక 500 చేసింది. ఇందరు చేసినా ఒక చోట చేసిన స్లైడు మరొక చోట చేసిన చట్రంమీద ఆకురాయి తగలకుండా కూర్చోవాలి. యుద్ధరంగంలో మూడు పాడైన పిస్తోళ్ళ ముక్కలు ఏరి ఒక మంచి పిస్తోలు చేసుకోగలగాలి. దానికి ప్రతి భాగంలోనూ కొంత వదులు కావాలి. ఆ గలగల అజాగ్రత్త వలన వచ్చినది కాదు. ఇసుకకూ బురదకూ ఉద్దేశపూర్వకంగా విడిచిన చోటు.

అయితే అదే పిస్తోలుతో గురిపోటీలకు దిగినప్పుడు చిక్కు వచ్చింది.

ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ అనే చోట 1907 నుండి ఆ దేశపు జాతీయ గురిపోటీలు జరుగుతూ వచ్చాయి. పిస్తోలును ఒక చేతితోనే పట్టి కాల్చాలి. 50 గజాల దూరం నుండి తీరికగా కొన్ని, 25 గజాలనుండి 20 సెకండ్లలో అయిదు, 10 సెకండ్లలో అయిదు, ఇలా ఉంటాయి నియమాలు. 50 గజాల గురిలో పది మార్కుల వలయం వ్యాసం సుమారు 3.4 అంగుళాలు. ద్రోణుడు చెట్టుమీద పెట్టిన పిట్ట కన్ను గుర్తుకు వస్తుంది.

ఇక్కడ చిన్న లెక్క చూడండి. గురి స్లైడుమీద ఉన్నది, గుండు గొట్టంలోనుండి వస్తుంది. 5 అంగుళాల గొట్టం ముందు కొస, ఈసారి క్రిందటిసారికంటె అంగుళంలో 200వ వంతు పక్కగా కూర్చున్నదనుకొందాము. 50 గజాలంటే 1,800 అంగుళాలు. అక్కడికి చేరేసరికి ఆ తేడా 1.8 అంగుళాలవుతుంది. కేంద్రంనుండి పది మార్కుల వలయం అంచుకు ఉన్న దూరం 1.7 మాత్రమే. అంటే కాల్చినవాడి చేయి వణకకపోయినా, కన్ను తప్పకపోయినా, గుండు వలయం అంచుకు పోతుంది. బురదలో ప్రాణం నిలిపిన సందు ఇక్కడ పరువు తీస్తుంది.

అందుకని బిగించడం మొదలయింది. కోల్ట్ సంస్థ 1930ల ఆరంభంలోనే పోటీలకోసం నేషనల్ మ్యాచ్ అనే రకాన్ని, 1957లో గోల్డ్ కప్ అనే రకాన్ని విడుదల చేసింది. సైన్యం 1945 తరువాత కొత్త 1911 పిస్తోళ్ళు కొనలేదు. ఉన్నవాటినే 1950ల మధ్యనుండి స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారంలో పోటీలకు తిరిగి మలిచారు. 1956లో జార్జియాలోని ఫోర్ట్ బెన్నింగ్‌లో సైన్యం గురికాండ్ర దళాన్ని ఏర్పరిచింది. అక్కడి పనివారు ఈ విద్యను శాస్త్రం చేశారు. బయట లూయిజియానాలో జిమ్ క్లార్క్ అనే పనివాడు పిస్తోళ్ళు బిగించడంలోనే కాక కాల్చడంలోనూ దిట్ట. 1958లో జాతీయ పిస్తోలు విజేత అయినాడు.

ఆ పని చదువుతుంటే నాకు అగసాలి పని చూస్తున్నట్లే ఉన్నది. స్లైడు జారే పట్టాలను సుత్తితో సన్నగా తట్టి సాగదీస్తారు. స్లైడును వైసులో పెట్టి రెండు పక్కలా నొక్కుతారు. ఇప్పుడది చట్రంమీద ఎక్కదు. నూనెలో కలిపిన గరుకుపొడి పూసి, గంటల తరబడి ముందుకూ వెనుకకూ తోస్తూ, రెండు ఉక్కుముఖాలు ఒకదానికొకటి అరిగి ఇమిడేవరకు అరగదీస్తారు. గొట్టం వెనుక కొసమీదా, అడుగునా వెల్డింగుతో ఉక్కు పోసి, మళ్ళీ ఆకురాయితో రవ్వంత రవ్వంత తీస్తూ, దీపపు మసి పూసి, అది ఎక్కడ చెదిరిందో చూసుకుంటూ ఆ గాడికి ఆ గట్టే సరిపోయేటట్లు చేస్తారు. ఉంగరాన్ని ఆ గొట్టానికే కొలిచి తొలుస్తారు. ఇంత చేసిన తరువాత ఆ ముక్కలు మరే పిస్తోలుకూ పనికిరావు. లక్షలలో ఒకటిగా పుట్టినది ఇప్పుడు ఒంటరిదయింది. 50 గజాల దూరంలో 3 అంగుళాలలోపల గుండ్లన్నీ పడతాయి. అంతకుముందు మామూలు సిపాయి పిస్తోలు అందులో సగం దూరంలోనే నాలుగైదు అంగుళాల మేర చెదరగొట్టేది.

కాని దేనికీ ఒక వెల ఉంటుంది. ఇలా బిగించిన పిస్తోలుకు మందు తగ్గించిన మెత్తని తూటాలు, వాటికి తగిన బలహీనమైన స్ప్రింగు, శుభ్రమైన నూనె, నీడగల బల్ల కావాలి. గుప్పెడు ఇసుక పడితే ఆగిపోతుంది. 6,000 తూటాలు నీళ్ళలో ముంచి కాల్చినా ఆగనిదాని సంతానం ఇది.

మరికొందరు ఇంకా ముందుకు పోయారు. రివాల్వరుకోసం పుట్టిన, అడుగున అంచుగల .38 స్పెషల్ తూటాను ఈ పిస్తోలులో నడిపించాలని పట్టుబట్టారు. గుండు డొల్లలోనే పూర్తిగా మునిగి ఉండే మొద్దు ముఖపు తూటా అది. కాగితంలో అచ్చు గుద్దినట్లు గుండ్రని రంధ్రం చేస్తుంది. క్లార్క్ తన పనిశాలలో కోల్ట్ పిస్తోళ్ళను అందుకు మార్చాడు. 1960ల ఆరంభంలో కోల్ట్ సంస్థ తానే ఒక రకాన్ని చేసింది. అందులో బ్రౌనింగ్ తాళమే లేదు. గట్లు తీసివేసి, డొల్ల త్వరగా వెనుకకు రాకుండా గొట్టం వెనుక గదిలో చిన్న గాడులు పెట్టి నడిపారు. పట్టేది అయిదు తూటాలు. కాగితానికి మాత్రం పరమ శత్రువు.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఘట్టం 1970లో వచ్చింది. పనివాడి గంటల శ్రమ లేకుండా, కర్మాగారంలోనే, అందరికీ బిగువు ఇవ్వాలని కోల్ట్ సంస్థ తలచింది. ఉంగరాన్నే మార్చింది. గట్టి ఉంగరం బదులు, నాలుగు స్ప్రింగు వేళ్ళుగల బుషింగు చేసింది. గొట్టం మూతి దగ్గర కొంచెం లావు, దాని వెనుక సన్నం. గొట్టం తన స్థానంలో ఉన్నంతసేపు నాలుగు వేళ్ళూ మూతిని ఒడిసి పట్టుకుంటాయి. స్లైడు వెనుకకు పోగానే సన్నని భాగం వచ్చి, వాలడానికి చోటు దొరుకుతుంది. బిగువూ వదులూ రెండూ ఒకే ముక్కలో! కాగితంమీద ఎంత చక్కని ఊహ! మనిషి చేతికి బదులు నాలుగు ఉక్కువేళ్ళు. నిజంగా గురి మెరుగయింది కూడా.

కాని ప్రతి కాల్పుకూ ఆ సన్నని వేళ్ళు వంగి లేవాలి. కొన్నిటిలో వేలు విరిగింది. విరిగిన ముక్క లోపల ఇరుక్కుని స్లైడును కదలనీయకుండా చేసేది. జాగ్రత్తగలవారు ఆ బుషింగు తీసివేసి, పాత పద్ధతి గట్టి ఉంగరం వేయించుకున్నారు. 1980ల చివరికి కోల్ట్ సంస్థ కూడా ఆ ఊహను విడిచింది. అంటే బ్రౌనింగ్ ఉంగరమే తిరిగి వచ్చింది.

మనకు వ్యాకరణంలో సంధి ఉన్నది. రెండు అక్షరాలు కలిసే చోటు. ఆ సంస్కృత పదంనుండే మన 'సంది', 'సందు' వచ్చినవని నిఘంటుకారులు చెబుతారు. కలయికకూ, కలవకుండా మిగిలిన చోటుకూ మూలం ఒక్కటే! ఏళ్ళ తరబడి పిల్లలచేత సంధులు విడదీయించినవాడను, ఈ సంగతి ఒక పిస్తోలు ముందు నిలబడేవరకు నాకు పట్టలేదు.

ఇక్కడ నన్ను కలవరపెట్టే మాట ఒకటి చెప్పాలి. వదులుగా, ఓపికగా, ఎవరి చేతికైనా ఒదిగే ఆ సిపాయి పిస్తోలు మనిషిని చంపడానికి చేసినది. బిగుసుకుని, అలిగి, దుమ్ముకే మొరాయించేది కాగితానికి చిల్లు పెట్టడానికి చేసినది. నమ్మదగినది హింసకూ, సున్నితమైనది వినోదానికీ దక్కాయి. దీనినుండి నీతి తీయడం నాకు చేతకాలేదు. లాంగ్‌ఫెలో ఆ తుపాకుల బారు ముందు నిలబడినప్పుడు ఇటువంటి గుబులే పడ్డాడేమో.

అల్లుడుగారు అడిగిన "దేనికి?" అనే ప్రశ్నకు ఒక జవాబు మాత్రం వర్జీనియాలోని క్వాంటికోలో దొరికింది. 1985లో సైన్యం ఈ పిస్తోలును విడిచిపెట్టిన తరువాత, మెరీన్ దళంలోని ఒక ప్రత్యేక విభాగం దీనినే కోరుకున్నది. క్వాంటికో పనివారు 1945కు పూర్వపు పాత చట్రాలలో మంచివి ఏరి, కొత్త గొట్టాలు, కొత్త స్లైడులు చేత్తో అమర్చి ఇచ్చారు. పోటీ పిస్తోలువలె అన్ని చోట్లా బిగించలేదు. గొట్టం కూర్చునే చోట బిగించారు. ఇసుక వచ్చే చోట వదిలారు. ఎక్కడ బిగించాలో తెలియడమే కాదు, ఎక్కడ చేయి ఆపాలో తెలియడం కూడా ఆ పనిలో భాగమే. అది నాలుగు ఉక్కువేళ్ళకు చేతనయ్యే పని కాదు.

మా బడిలో తొమ్మిదవ తరగతి చదివే కుర్రవాడు ఒకడు ఉండేవాడు. వాళ్ళ ఇంటి ఎద్దు చనిపోయినదాన్ని గురించి ఒక వ్యాసం వ్రాసి తెచ్చాడు. వాక్యాలు అటూ ఇటూ ఊగుతున్నవి, మాటలు వాళ్ళ ఇంటి మాటలు. జిల్లా వ్యాసరచన పోటీ దగ్గరపడుతున్నది. నేను వారంరోజులు ఎర్రసిరా పట్టి కూర్చున్నాను. సంధులు కలిపాను. సమాసాలు కూర్చాను. ఊగేదాన్నల్లా బిగించాను. మొదటి బహుమతి వచ్చింది. తరువాత ఆ కుర్రవాడు బడిలో ఉన్నంతకాలం, పరీక్షలకు తప్ప, ఒక్క ముక్క వ్రాయలేదు. చాలా ఏళ్ళకు కూతురి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆ బహుమతి మాట ఎత్తాను. "అది మీ వ్యాసం కదా మాస్టారూ" అన్నాడు, నవ్వుతూనే. నిష్ఠూరం లేదు అందులో. అదే నన్ను ఎక్కువ బాధించింది.

ఆ ఎద్దు మెడ నిమురుతూ వాళ్ళ నాయన ఏమన్నాడో ఆ మొదటి ప్రతిలో ఉన్నది. వాక్యం కుదరలేదని నేనే కొట్టివేశాను. ఆ మాట ఏమిటో ఇప్పుడు ఎంత తలచుకున్నా గుర్తుకు రావడం లేదు.

మిత్రులలో యంత్రశాస్త్రం తెలిసినవారు నా వివరణలో దోషాలు కనిపిస్తే సరిదిద్దగలరు. ఈసారి ఎర్రసిరా మీ చేతిలో ఉన్నది. స్వస్తి.